పక్కచేను మామ, నల్లమందు తూటా

సోమవారం పొద్దున చెరుక్కి నీళ్లు మళ్లించుకుందామని కాలువ గట్టు మీద పోతున్నాను. పక్కచేను మామ పెద్దకొడుకు ఎదురొచ్చాడు. కాళ్లకు చెప్పుల్లేవు, తలకు రుమాలు లేదు. "బావా, బాపు పోయిండు," అన్నాడు. ఆ మాట అని, నేనేమంటానో చూడకుండానే గట్టు మీద కూలబడ్డాడు. నేనూ పక్కన కూర్చున్నాను. అతనే, "నీళ్లు పోతున్నయ్, కట్టుకో," అన్నాడు. నేను లేవలేదు. ఆ నీళ్లు కట్టినా కట్టకపోయినా నా చెరుకు నిలిచేది కాదని మా ఇద్దరికీ తెలుసు.

ఆయన గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు మా వైపు లేరు. ఊళ్లోవాళ్లకు పటేలు, నాకు పక్కచేను మామ. చుట్టరికం ఏమీ లేదు. మా నాన్న కోస్తాలో ఉన్న కాస్త మెట్టా అమ్ముకుని, నిజాంసాగర్ కాలువ పారుతోందని విని, బాన్సువాడ దాటి వర్ని వైపు ఈ నల్లరేగడిలోకి మమ్మల్ని తెచ్చి దింపినప్పుడు, మామా అని పిలవడానికి మాకిక్కడ ఒక్క మనిషి లేడు. గట్టు అవతలి ఆయన తనే వచ్చి, "మీరెవలో ఏందో నాకు తెల్వదు గని, గట్టు ఒక్కటే గద. అల్లుడా అనే పిలుస్త," అన్నాడు. పిల్లనివ్వకుండానే అల్లుణ్ణి సంపాదించుకున్న గడుసువాడని మా ఆవిడ ఎగతాళి చేసేది.

కాలువ రాక ముందు ఆయన వాళ్లు జొన్నలూ కందులూ వేసుకునేవారు. కాలువ వచ్చాక వరి వచ్చింది, చెరుకు వచ్చింది, చెరుకు వెనకాలే అడవిపందులు వచ్చాయి. మంజీరా ఒడ్డు పొదల్లో ఎక్కడో బతుకుతున్న జంతువులకు మేమందరం కలిసి ఊరి పక్కన తియ్యటి అడవి నాటి పెట్టాం. పంది చెరుకు తింటే బాధ లేదు, ఎంతని తింటుంది? అది పడగొడుతుంది. పడగొట్టి, నాలుగు గడలు నమిలి, మిగతాదాని మీద దొర్లుతుంది. మొదటి పంట కోతకొచ్చిన రోజుల్లో ఒక పొద్దున వెళ్లి చూస్తే నా చేను మధ్యలో ఎవరో కళ్లం చదును చేసినట్టుంది. మా ఆవిడ అక్కడే కూర్చుని ఏడ్చింది. ఏడవదా మరి? వెనక్కి పోదామంటే అక్కడ గజం నేల మిగల్లేదు. ఈ చెరుకే మా తిండి, మా కొంప, మా మర్యాద.

మామ వచ్చి చూశాడు. విరిగిన గడను కాలితో తిప్పి చూసి, "పుల్ల ఇంక తడిగనే ఉన్నది. పందులు లోపల్నే పండుకున్నయ్," అన్నాడు. మా ఆవిడ వైపు చూడకుండా, "ఏడ్వకు బిడ్డా. రేపు చూస్త," అన్నాడు.

మర్నాడు తెల్లవారుతుండగా ఆ మోత విన్నాను. జన్మలో అలాంటిది వినలేదు. తుపాకి పేలినట్టు లేదు, కొండ చరియ విరిగి పడ్డట్టుంది. మా లేగదూడ పలుపు తెంపుకుంది. పరుగెత్తి వెళితే గట్టు మీద మనిషి లేడు, తెల్లటి పొగ ఉంది. పొగలోంచి దగ్గు వినిపించింది. పొగ కాస్త పలచబడ్డాక మామ తేలాడు, మొహం నిండా మసి. ఆయన ముందు దున్నపోతు దూడంత పంది, నిలుచున్న చోటే కూలిపోయి ఉంది. నేను ఆ పంది వైపు కాకుండా ఆయన మొహం చూసి నవ్వాను. ఆ రోజు నుంచి ఆయన రైఫిలుకు ఫిరంగి అని పేరు పెట్టాను. ఆయన కోప్పడలేదు. "ఫిరంగే. అయితేంది?" అన్నాడు.

అది ఆయన తండ్రి నాటిది. అడవి సర్వే చేయడానికి వచ్చిన ఎవరో దొర దగ్గర దారి చూపించే పని చేస్తే, పోతూ పోతూ ఇచ్చి పోయాడట. ఒక్కసారికి ఒక్క తూటాయే పడుతుంది. కింద మీట లాగితే నోరు తెరుస్తుంది, తూటా దోపి మీట మూయాలి. తూటా అంటే ఈ కాలపు సన్నటి తూటా కాదు. మధ్యవేలంత పొడుగు, బొటనవేలంత లావు ఇత్తడి గొట్టం. దాని నోట్లో చుట్టూ కాగితం చుట్టిన సీసం ముద్ద. గొట్టంలో నల్లమందు, అంటే పాతకాలపు నల్లటి తుపాకిమందు. ఆ మందే అంత మోతా, అంత పొగా. ఒకసారి పేలిస్తే కంటి ముందు ఏమీ కనపడదు. తగిలిందో లేదో పొగ చెప్పినప్పుడు తెలుసుకోవాలి. మా మామ భాషలో చెప్పాలంటే, "ఒకటి గొట్టి, దేవుణ్ణి తల్చుకొని నిలవడాలె."

పేల్చిన గొట్టాన్ని పారేయడు. ఆయన తన తూటాలు తనే నింపుకునేవాడు. మధ్యాహ్నం భోజనమయ్యాక, ఎండ అరుగు మీదికి వచ్చినప్పుడు ఆ పని పెట్టుకునేవాడు. నల్లమందు మసి పట్టిన ఇత్తడి ఆ పూటే కడగకపోతే చెడిపోతుందట. ఆ కడుగుడు పని అత్తది. ఆవిడ బిందెలూ చెంబులూ తోముకుంటూ వాటితో పాటే ఆ గొట్టాలనూ చింతపండు పెట్టి తోమి, చెంబుల వరసలోనే బోర్లించేది. చీలిపోయి పనికి రాని గొట్టం ఒకటి వాళ్ల పోపుల డబ్బాలో ఉండేది, ఆవాలు కొలవడానికి. మసి పోవడానికి రైఫిలు గొట్టంలో మరిగే నీళ్లు పోయడం కూడా ఆవిడ పొయ్యి దగ్గరే జరిగేది. "బియ్యం ఎసరు గావాల్నా, నీ బందూకు ఎసరు గావాల్నా?" అని ఆవిడ, "ముందు బందూకుది," అని ఆయన. ఇది నేను కనీసం వందసార్లు విన్నాను.

మందు పోసేటప్పుడు మాట్లాడడు. ఊపిరి కూడా బిగబట్టేవాడనుకుంటా. మందు మీద అట్టముక్క, దాని మీద తేనెమైనం బిళ్ల, ఆపైన సీసం గుండు వేలితో కాదు, కర్ర దిమ్మెతో అదిమేవాడు. అంతా అయ్యాక తూటాను చెవి దగ్గర పెట్టుకుని ఊపి వినేవాడు, మనం కొబ్బరికాయలో నీళ్లున్నాయో లేవో చూసినట్టు. చప్పుడు రాకూడదు. లోపల మందు కదిలిందంటే సందు ఉందన్నమాట, సందు ఉంటే అది రైఫిలునే చీల్చవచ్చు. చప్పుడు లేకపోతే ఒక నవ్వు నవ్వి, "పండుకున్నది," అని పక్కన పెట్టేవాడు. నాకు ఇదంతా ముసలి చాదస్తంగా అనిపించేది. బజారులో పెట్టెలకు పెట్టెలు కొత్త తూటాలు దొరుకుతుంటే చింతపండుతో తోముకోవడం ఏమిటి?

ఇంకా విచిత్రం ఒకటుంది. పందిని కొడితే ఆ మాంసం గట్టుకు అటూ ఇటూ ఉన్న ఇళ్లన్నిటికీ పాళ్లు వేసేవారు. మా ఆవిడ వంటింట్లోకి రానివ్వదు కనుక మేము పెరట్లో మూడు రాళ్లు పెట్టి వండుకునేవాళ్లం. వాటా తీసుకున్నవాడికి ఒక కట్టుబాటు. ఎవరి పాలులో సీసం గుండు దొరుకుతుందో వాళ్లు దాన్ని కడిగి మర్నాడు మామకు తెచ్చివ్వాలి. ఆయన ఆ సీసాన్నే మళ్లీ కరిగించి అచ్చులో పోసేవాడు. గుండు తెచ్చినవాళ్లకు అత్త గిన్నెడు మజ్జిగ ఇచ్చేది. ఆ కట్టుబాటు మాకెవరూ చెప్పలేదు, అందరికీ తెలిసినదేగా అనుకున్నారు. మొదటిసారి గుండు మా పాలులోనే వచ్చింది. మా ఆవిడ దాన్ని బూడిదతో పాటు పెంటకుప్ప మీద పారేసింది.

మర్నాడు పొద్దున మామ మా వాకిట్లో నిలబడ్డాడు. ఎందుకొచ్చాడో చెప్పడు. వానల సంగతి అడిగాడు, ఎడ్ల సంగతి అడిగాడు. చివరికి, "గుండు రాలే," అన్నాడు.

"ఏ గుండు మామా?"

"గదే, పందిల ఉన్నది. అందరిని అడిగిన. ఎవలకు రాలేదంటుండ్రు."

మా ఆవిడ లోపల్నుంచి నాలుక కరుచుకుంది. ఇక చూడండి, పటేలు అంతటి మనిషి పంచె ఎగగట్టి మా పెంటకుప్ప మీద కూర్చుని జల్లెడతో బూడిద జల్లించాడు. నేను వద్దు మామా, బజారులో సీసం కొనుక్కొస్తానన్నాను. తల ఎత్తకుండానే జవాబిచ్చాడు. "కొన్న సీసం ఎట్లుంటదో నాకు తెల్వదు. ఇది మా నాయిన కాలం సంది పందుల్లకు పోయి మల్ల ఇంటికొస్తుంది." దొరికింది. నలిగిన పుట్టగొడుగులా ఉంది. దాన్ని పంచె అంచుతో తుడిచి బొడ్లో దోపుకున్నాడు. ఆయన పోయాక నేనూ మా ఆవిడా పొట్ట పట్టుకుని నవ్వాం. ఆ గుండు పంది ఒంట్లోనే ఎందుకు ఆగిందీ అన్న ప్రశ్న మాత్రం నాకు రాలేదు.

ఆ ప్రశ్న వేయించినవాడు కాలువ పనుల మీద వచ్చి మా దగ్గర్లో బస చేసిన ఒక ఓవర్సీరు. ఆయనకు కొత్త రైఫిలు ఉండేది. నున్నగా, నల్లగా, అయిదు తూటాలు ఒకేసారి పడతాయి. తూటాలు పెన్సిలంత సన్నం. పొగ రాదు, టప్పుమని ఒక చప్పుడు, అంతే. నేను ఆయన చుట్టూ తిరిగాను. ఒక తూటా అడిగి తీసుకుని మామకు చూపించాను. ఆయన దాన్ని అరచేతిలో వేసుకుని బరువు చూసి, "సూది లెక్కున్నది," అని నా చేతిలో పెట్టాడు. అసూయ అనుకున్నాను.

చెరుకు నరికే రోజులవి. పొద్దెక్కాక, నరుకుతున్న చేనులోంచి పంది ఒకటి బయటపడింది. ఓవర్సీరు గట్టు మీదే ఉన్నాడు. కొట్టాడు. తగిలింది, దుమ్ము లేవడం నేను చూశాను. కాని పంది ఆగలేదు. గుండు దాన్ని దాటి, గట్టు దాటి, కాలువ దాటి పోయి అవతల వరిమడి పక్కన మేస్తున్న మామ గేదెను పడగొట్టింది. ఆ గేదెకు రెండు బారల దూరంలో మామ కోడలు గడ్డి కోస్తోంది. ఆ పిల్లకు ఏమైందో చాలాసేపు తెలియలేదు. గేదె ఎందుకు పడిందో అర్థం కాక దాని కొమ్ము పట్టుకుని లేపుతోంది.

పంది రక్తం కార్చుకుంటూ నా చెరుకులోకి పోయింది. దెబ్బ తిన్న పంది చేనులో ఉంటే కూలివాళ్లు అడుగు పెట్టరు. పెట్టమనడం కూడా పాపమే. ఓవర్సీరు రైఫిలు గట్టు మీద పడేసి ఆ గేదె వైపే చూస్తున్నాడు. మామ ఇంటికి వెళ్లి రైఫిలు తెచ్చుకున్నాడు. తూటాను చెవి దగ్గర ఊపి విని, లోపల పెట్టాడు. "ఎవలు నా ఎనుక రాకుండ్రి," అని చెరుకులోకి వంగి దూరాడు. ఒక్క తూటా. తప్పితే రెండోది పెట్టుకునే వ్యవధి పంది ఇవ్వదు. మేమంతా గట్టు మీద నిలబడి చెరుకు ఆకులు కదలడం చూస్తున్నాం. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత ఆ మోత, చెరుకు పైకి తెల్లగా పొగ. పొగలోంచి దగ్గు వినిపించేదాకా మేము ఊపిరి పీల్చలేదు.

సాయంత్రం అరుగు మీద, నీ గుండు పందిలోనే ఎందుకు ఆగుతుంది మామా అని అడిగాను. ఆయన సూటిగా చెప్పాడు. "సన్నది పోతది అల్లుడా. ఎంత దూరం పోతదో కొట్టినోనికి గూడ తెల్వది. గుట్టలల్ల కొట్టుకుంటె మంచిదే. గీడ చూడు, ఎటు చూసినా మడే, మడికొక మనిషి. నాది ముద్దది, మెల్లగ పోతది, పందిల పడి ఆడనే ఉంటది. తప్పినా బురదల పడ్తది." మళ్లీ తనే, "నేను దగ్గరికి పోయి కొట్టేది ధైర్యముండి గాదు. నా తూటాకు దూరం తెల్వది, గంతే," అన్నాడు. కోడలు లోపల గేదె పాలు పితికే గిన్నె బోర్లించి ఏడుస్తోంది.

ఆ రోజు నుంచి తూటా మీద ఎగతాళి మానేశాను కాని, దాని విలువ పూర్తిగా తెలిసిందని చెప్పలేను. ప్రాణం పోవలసిన చోట గేదెతో పోయిందనుకున్నాను, అంతవరకే. యుద్ధం రోజుల్లో బజారులో ఏమీ దొరకనప్పుడు ఓవర్సీరు లాంటివాళ్ల రైఫిళ్లన్నీ గోడలకు వేలాడాయి. మామ ఫిరంగి మాత్రం ఎప్పుడో ఒక తెల్లవారుజామున మోగుతూనే ఉంది. మందు తగ్గింది, తూటా అడుగున నిప్పు రేపే రాగి టోపీలు తగ్గాయి. ఆయన కొట్టడం బాగా తగ్గించాడు. అయినా పందులు చేనుకు దూరంగానే ఉన్నాయి. ఎందుకని నేను అడగలేదు. పంట ఇంటికొస్తుంటే ఎవడు అడుగుతాడు?

నిజాం పాలన పోయి సర్కారు మారిన ఏడాది, తుపాకులున్న వాళ్లంతా తెచ్చి అప్పగించాలని డప్పు వేశారు. మామ రైఫిలుకు నూనె రాసి, గొంగట్లో చుట్టి, పసిపిల్లను ఒళ్లో పెట్టుకున్నట్టు పెట్టుకుని నా బండెక్కాడు. బాన్సువాడ ఠాణాకు పోయాం. అక్కడ వాకిట్లో తుపాకులూ కత్తులూ కట్టెల మోపుల్లా పడి ఉన్నాయి. తీసుకునే ఆయన మర్యాదస్తుడే, పైనుంచి వచ్చిన హుకుం, ఆయన మాత్రం ఏం చేస్తాడు? తూటాలు కూడా పెట్టమన్నాడు. మామ బల్ల మీద వాటిని ఒక్కొక్కటే నిలబెట్టాడు. ఆ అధికారి ఒకటి తీసుకుని, "ఏనుగుల కోసమా పెద్దాయనా?" అని నవ్వాడు. నేను ఒకప్పుడు నవ్వినట్టే నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

మామ మాత్రం ఒకటే అడిగాడు. "సారూ, వాన తగలకుండ పెట్టుండ్రి జర. తడిస్తె గొట్టంల తుప్పు పడ్తది." ఆయన సరేనన్నాడు. మేము బండెక్కి వచ్చేస్తుంటే మోపు మీద ఇంకెవరో ఇంకేదో విసిరిన చప్పుడు వినిపించింది. మామ వెనక్కి తిరగలేదు. ఇంటికి వచ్చాక అత్త అలవాటుగా ఎసరు పెట్టి, గుర్తొచ్చి దించేసింది.

అప్పుడు తెలిసింది నాకు. ఆరు నెలలు కాలేదు, పందులు కాలువ దాటాయి. ముందు చీకటి పడ్డాక, తర్వాత పొద్దు వాలుతుండగా, ఇప్పుడు మిట్టమధ్యాహ్నం. ఇన్నేళ్లుగా నేను వెక్కిరించిన ఆ మోతే వాటిని కోసెడు దూరంలో నిలబెట్టింది. చచ్చిన పంది ఒకటైతే, ఆ మోతా ఆ పొగ కంపూ విని మంజీరా వైపు మళ్లినవి మందలు. మా రెండు చేలే కాదు, ఆ ఒడ్డునున్న పొలాలన్నీ ఆ తూటా చప్పుడు కింద పండాయి. ముళ్ల కంచె వేశాను, కుక్కల్ని తెచ్చాను, డబ్బాలు కొట్టాను, పాత చీరలు కట్టాను. ఒకటి రెండు రోజులు జంకి, మూడోనాడు ఆ చీర మీదే పడుకున్నాయి.

పని మీద హైదరాబాదు వెళ్లినప్పుడు ఒక ఖాళీ గొట్టం జేబులో వేసుకుని పోయాను. ఏనాటికైనా రైఫిలు తిరిగిస్తే టోపీలైనా ఉండాలి కదా అని నా ఆశ. తుపాకుల దుకాణంలో ముసలాయన దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు. "అరె, గీ మాల్ ఇంకా ఉన్నదా! మా తాత అమ్ముతుండె. ఇప్పుడు బనాయించెటోళ్లు లేరు భాయ్. టోపీలు గూడ రావు," అన్నాడు. మంచివాడే, వెంటనే పెట్టె తెరిచి పెన్సిలంత తూటా ఒకటి నా చేతిలో పెట్టి, ఇది ఎంత దూరం పోతుందో వర్ణించాడు. "సన్నది పోతుందండీ, మాకు ఉండేది కావాలి," అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. మా మామ మాట నా నోట్లోంచి వచ్చిందని నాకు మెట్లు దిగాక తెలిసింది. రోడ్డు మీద నిలబడి ఆ గొట్టాన్ని మొదటిసారి సరిగ్గా చూశాను. అడుగున ఎన్నిసార్లు టోపీ మార్చారో, అంచు అరిగి మెత్తగా ఉంది. అత్త తోమి తోమి ఇత్తడి బంగారం రంగుకు వచ్చింది. అంత మంచి వస్తువును చేయడం లోకం మరిచిపోయింది, నాకు దాని మీద గౌరవం పుట్టిన రోజునే.

వచ్చి ఆయనకు చెప్పాను. అర్జీ పెడదాం, రైఫిలు ముందు రానీ, తర్వాత చూద్దామన్నాను. "ఎవలకు పెడ్తవు అర్జీ, పందులకా?" అన్నాడు. నవ్వుతాననుకున్నాడు. నేను నవ్వలేకపోయాను.

ఈ శీతాకాలం ఆయన మంచె వేయించుకుని కిరసనాయిలు డబ్బా, కర్రా పట్టుకుని కూర్చున్నాడు. కొడుకులు వద్దన్నారు. మంచులో దగ్గు పట్టింది. ఒకప్పుడు పొగలోంచి ఆ దగ్గు వినిపిస్తే మా ప్రాణాలు లేచివచ్చేవి. ఇప్పుడు అదే దగ్గు గట్టు అవతల్నుంచి వింటుంటే భయమేసేది. మంచె కింద నిలబడి నేను చెప్పవలసిన మాట చెప్పాను. ఈ చెరుకూ పోతే పొలం వదిలేసి పోవడమే, కూలైనా చేసుకుంటామని నేనూ మా ఆవిడా అనుకున్నామని. ఆయన డబ్బా కొట్టడం ఆపాడు.

"నువ్వు పోకు అల్లుడా. నువ్వు పోతె గా చేను పడావు పడి బీడైతది. పడావుల పందులు జొస్తయి. ఇగ నా పోరగాండ్ల చేను గూడ పాయె."

"ఉండి ఏం చేయను మామా?"

ప్రతిదానికీ సూటిగా జవాబిచ్చే మనిషి, మళ్లీ డబ్బా కొట్టడం మొదలుపెట్టాడు. బాన్సువాడ దవాఖానకు తీసుకుపోతామంటే, చేను దగ్గర ఎవరుంటారని పోలేదు. సోమవారం తెల్లవారి కొడుకు సద్ది తీసుకుపోయేసరికి మంచె మీద పడుకునే ఉన్నాడట. చుట్టూ చెరుకు నేలమట్టమై ఉందట.

చేను గట్టునే దహనం చేశారు. మూడోనాడు పిట్టకు పెట్టారు. ఇక్కడి ఆచారం ఇది. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా అందరూ దూరంగా నిలబడతారు. ముట్టకపోతే పోయినవారికి ఏదో కోరిక మిగిలిందని, ఒక్కొక్కరే గట్టిగా మాట ఇస్తారు. జొన్నరొట్టె, పచ్చిపులుసు, కోడికూర పెట్టాం. కాలువ ఇవతలికి వచ్చి నిలబడ్డాం. ఎండ బాగా ఉంది. కాకులు తుమ్మచెట్టు మీద కూర్చున్నాయి కాని దిగడం లేదు.

పెద్దకొడుకు, "బాపు, అవ్వను మంచిగ చూసుకుంటం," అన్నాడు. దిగలేదు. చిన్నవాడు, "అన్నదమ్ములం కొట్లాడం బాపు," అన్నాడు. దిగలేదు. కోడలు ఏదో అనబోయి ఏడ్చింది. అప్పుడు అత్త నా వైపు తిరిగింది. ఆ రెండు రోజుల్లో నాతో ఆవిడ మాట్లాడింది అదే మొదలు.

"నువ్వు జెప్పు అల్లుడా. పోనని జెప్పు. ముడుతది."

అందరూ నన్నే చూస్తున్నారు, మా ఆవిడ కూడా. ఒక్క అబద్ధం ఆడితే పోయేదేముంది, ఆ ముసలావిడ కోసం. కాని విస్తరి వెనకాల నా చేను కనిపిస్తోంది. మొండి గడలూ, బురదా, వాటి మధ్య పడుకున్న జాడలూ. ఆయన మీద నాకున్న కృతజ్ఞత ఎంతటిదో ఆ క్షణంలో తెలిసింది, దాంతో నేను చేయగలిగింది ఏమీ లేదనీ తెలిసింది.

నేను ఇంకా అలా నిలబడి ఉండగానే అటు మిగిలిన కాస్త చెరుకు కదిలింది. ఆడపంది ఒకటి బయటికి వచ్చింది, వెనకాల చారల పిల్లలు. మమ్మల్ని చూసింది. కాలువ అవతల ఇంతమంది మనుషులం ఉన్నామని దానికి తెలుసు. నింపాదిగా విస్తరి దగ్గరికి నడిచి, మోర పెట్టి, రొట్టె తీసుకుంది. పిల్లలు పులుసులో కాళ్లు పెట్టాయి. చెట్టు మీద కాకులు గోల చేశాయి. చిన్నకొడుకు రాయి కోసం వంగాడు.

"వద్దు," అంది అత్త. "ముట్టినయ్ తియ్యి. ఇగ నడువుండ్రి."

ఎవరమూ వెంటనే నడవలేదు. ఆడపంది విస్తరిని పంటితో పట్టుకుని ఈడ్చుకుంటూ చెరుకులోకి పోయింది. విస్తరి అంచు బురద మీద కాసేపు కనిపించింది. తర్వాత అదీ లోపలికి పోయింది.